మిర్చి డబ్బులూ, మేస్త్రి బట్వాడా

పల్నాడులో దాచేపల్లి వైపు పాత ఇళ్ల రిపేర్లకు ఒక కాలం ఉంది. పత్తి ఏరడం అయిపోయి, మిర్చి కళ్లాల్లో ఎండి, టిక్కీ బస్తాలకెక్కి గుంటూరు యార్డు చేరాక రైతు చేతిలో ఏడాది కష్టమంతా ఒక్కసారి డబ్బుగా కనపడుతుంది. వానలు పడకముందే పైకప్పు పని తేలిపోవాలి కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ఏ వీధిలో చూసినా ఇసుక కుప్పలే. "చేతిలో ఉంటే కరిగిపోతుంది, మేస్త్రికి ఇచ్చేస్తే ఇంటికైనా పడుతుంది" అని గుత్తలో సగం ముందే ఇచ్చేసేవాళ్లు చాలామంది. ఇంటి పనుల తగాదాల్లో ఎక్కువ వాటికి మూలం మోసం కాదనీ, ఈ ముందే ఇచ్చేసే అలవాటేననీ నా నమ్మకం.

రైతుకు డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. మేస్త్రికి మాత్రం వారం వారం కావాలి. వారం తిరిగేసరికి కూలీలకు బట్వాడా చెయ్యాలి, సెంట్రింగ్ సామాను అద్దె కట్టాలి. అతనికి బ్యాంకు అప్పివ్వదు. ఇంటివాళ్లిచ్చే అడ్వాన్సే పెట్టుబడి. ఎండాకాలంలో నాలుగు పనులు ఒప్పుకుంటాడు, ఒప్పుకోకపోతే వానాకాలం ఇంట్లో పొయ్యి వెలగదు. మీరిచ్చిన లక్ష అంతకుముందు మొదలుపెట్టిన ఇంటి టైల్స్‌కు పోతుంది, మీ టైల్స్ మీ తర్వాత అడ్వాన్సు ఇచ్చేవాడి మీద ఆధారపడతాయి. కొత్త పనులు వస్తున్నంతకాలం ఇది సాగుతుంది. జూన్ చివర్లో వాన పడి కొత్త అడ్వాన్సులు ఆగిపోయిన రోజున, వరసలో ఆఖరున ఉన్న ఇల్లు సగం కూలగొట్టిన గోడతో మిగిలిపోతుంది. మేస్త్రి ఫోన్ ఎత్తడు. ఎత్తి మాత్రం ఏం చెబుతాడు?

ఈ సంగతి ప్రభుత్వాలకు ఎప్పుడో తెలుసు. కృష్ణ దాటి అవతలికి వెళితే, తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షలను పథకం మొదట్లో నాలుగు ముక్కలు చేశారు: పునాదికి లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబు పడ్డాక లక్షా డెబ్బై అయిదు వేలు, అంతా అయ్యాక మిగతా లక్ష. పని ముందు, డబ్బు వెనక. మన వైపు లక్షా ఎనభై వేల యూనిట్ ధరతో వచ్చిన కాలనీ ఇళ్లలో కూడా దశ దాటి, ఫొటో ఎక్కితేనే బిల్లు. ఆ పథకంలో సొంతంగా కట్టుకోలేనివారికి ప్రభుత్వమే కాంట్రాక్టర్లతో కట్టించే మూడో ఐచ్ఛికం ఒకటి ఉండేది. అలాంటి ఇళ్లు చాలాచోట్ల పునాదుల దగ్గరో లింటెల్ దగ్గరో ఆగిపోయాయి. చెప్పిన కారణాలు ఎన్నో ఉన్నాయి. నాకు కనపడేది ఒకటి. కట్టుబడిలో మిగులంతా కింది దశల్లో ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ సన్నగిల్లుతుంది. తలుపులు, కిటికీలు, ప్లంబింగ్, రంగుల దగ్గరికొచ్చేసరికి చిల్లర పని ఎక్కువ, మిగిలేది తక్కువ. రావాల్సిన డబ్బు కంటే మిగిలిన పనికి ఎక్కువ ఖర్చయ్యే రోజు వస్తే కాంట్రాక్టరు ఎందుకు ఉంటాడు? కాబట్టి విడతలు వేసుకోవడమే చాలదు. మొదట ఇచ్చే చిన్న అడ్వాన్సు తప్పిస్తే, ఏ రోజు లెక్క చూసినా మనం ఇచ్చింది అయిన పని విలువకు ఒక అడుగు వెనక ఉండాలి.

కొత్త ఇంటికైతే పునాది, గోడ, స్లాబు అని కళ్లకు కనపడే మెట్లున్నాయి. పాత ఇల్లు అలా కాదు. పల్నాడులో పాతకాలపు గోడల్లో మట్టి అడుసుతో రాయి పేర్చి పైన సిమెంటు పూసినవి చాలా ఉన్నాయి. పూత గీరితే లోపల ఏముందో మేస్త్రికీ తెలియదు, ఇంటాయనకూ తెలియదు. నాపరాళ్లు లేపితే కింద నేల కుంగి ఉండొచ్చు, దూలం చెదపట్టి ఉండొచ్చు. అక్కడ మొదలవుతుంది "ఇది ఎక్‌స్ట్రా పని బాబాయ్" అనే మాట. మొత్తం ఇంటిని చూపించి ఒకే గుత్త మాట్లాడుకోవడం ఇద్దరికీ జూదమే. కూలగొట్టే పనిని రోజుకూలీ మీద చేయించి, గోడ లోపల ఏముందో ఇద్దరూ కలిసి చూసి, అప్పుడు గుత్త మాట్లాడుకోవాలి. ఆ తర్వాత ఎక్‌స్ట్రా వస్తే మొదలుపెట్టకముందే నోటుపుస్తకంలో పనీ రేటూ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంజనీర్లకు ఎం.బుక్ అనే కొలతల పుస్తకం ఉన్నట్టు ఇంటికి ఒక రూళ్ల పుస్తకం ఉంటే తప్పేముంది?

ఇక నేను వేసే లెక్క. సామానుతో సహా 6 లక్షల పని అనుకుందాం. ముందు 60 వేలు, అంతకుమించి వద్దు. గోడల్లో నీళ్ల పైపులు, కరెంటు పైపులు పరిచి, ఇంకా పూత పడని రోజున లక్షా ఇరవై వేలు. ఆ రోజే అన్ని గోడలూ ఫొటోలు తీసుకోవాలి, తర్వాత మేకు కొట్టేటప్పుడు అవే దిక్కు. ప్లాస్టరింగ్, పైకప్పు వాటర్ ప్రూఫింగ్ అయ్యాక లక్షన్నర. బాత్‌రూములో రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ రాలేదని తేలాక, టైల్స్ కూడా వేశాక ఇంకో లక్షా ఇరవై. తలుపులు, రంగులకు 90 వేలు. మిగిలిన 60 వేలలో సగం ఇల్లు అప్పగించిన రోజున, సగం ఒక వానాకాలం గడిచాక. ఏప్రిల్ ఎండలో ఏ పైకప్పైనా బాగానే ఉంటుంది, దాని సంగతి ఆగస్టులో తెలుస్తుంది. కేంద్ర ప్రజా పనుల శాఖ కూడా కాంట్రాక్టరు బిల్లుల్లోంచి రెండున్నర శాతం పట్టి ఉంచుకుంటుంది. నేను చెప్పే ఐదు శాతం కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. పాత ఇల్లు కాబట్టి అడుగుతున్నాను.

ముందు ఇచ్చేది పదో వంతే అన్నది నా సొంత కల్పన కాదు. 2016 స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) పదమూడో సెక్షన్ ప్రకారం, అమ్మకపు ఒప్పందం లేకుండా బిల్డరు పది శాతానికి మించి పుచ్చుకోకూడదు. మన పిల్లలు వేలల్లో స్థిరపడ్డ కాలిఫోర్నియాలో ఇంటి రిపేరు కాంట్రాక్టరు ముందుగా తీసుకోగలిగింది వెయ్యి డాలర్లు లేదా పది శాతం, రెండింటిలో ఏది తక్కువైతే అది. తర్వాతి విడతలు కూడా అయిన పని విలువను మించకూడదు. మన రెరా రిపేరు మేస్త్రి దాకా రాదు. ఆ ఖాళీని మన కాగితమే పూడ్చాలి.

అమెరికాలో ఇంకో చిక్కుంది. కాంట్రాక్టరు డబ్బు కట్టకపోతే కలప అమ్మినవాడు, టైల్స్ అమ్మినవాడు నేరుగా ఇంటి మీదే హక్కు నమోదు చేయించుకోవచ్చు. అందుకే అక్కడ ప్రతి విడతకూ బాకీ లేదనే కాగితం రాయించుకుంటారు. ఇక్కడ అలాంటి చట్టం లేదు గానీ హార్డ్‌వేర్ షాపతనికి మీ ఇల్లు తెలుసు. ఖాతా మేస్త్రిది, సిమెంటు మీ గోడలో ఉంది, అడగడానికి వచ్చేది మీ అరుగు మీదికే. సామాను మీరే కొని డబ్బు షాపుకే కడితే ఆ గొడవుండదు. గుత్త సామానుతో సహా అయితే ధర మారినప్పుడు ఎవరిదన్నది కూడా రాసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంతకుముందు గుత్త మాట్లాడుకున్న ఇళ్లలో ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్లింది? చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊళ్లో కూడా ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

నగదు మాట. ఒకే పనికి ఒకరి దగ్గర 2 లక్షలు, అంతకుమించి నగదుగా పుచ్చుకోవడం 2017 ఏప్రిల్ నుంచి నిషేధం. విడతలుగా తీసుకున్నా లెక్క అదే. జరిమానా పుచ్చుకున్నవాడికి, అదీ పుచ్చుకున్నంత మొత్తం. ఫోన్‌పేలో పంపి, "మూడో విడత, ప్లాస్టరింగ్" అని రాస్తే అదే రశీదు.

ఇంతవరకూ ఇంటివాళ్ల పక్షాన రాశాను. మేస్త్రుల మాట కూడా వినాలి, వింటే మనకు కొంచెం సిగ్గేస్తుంది. ఆఖరి విడత ఎగ్గొట్టడంలో మనవాళ్లు సామాన్యులు కారు. రంగులు వేసే దాకా కనపడని వంకలు డబ్బివ్వాల్సిన రోజున కనపడతాయి. అందరిదీ దుర్బుద్ధి అనను. 2025లో మిర్చి ధర పడిపోయి, చివరికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడు "మిర్చి అమ్మాక ఇస్తాలే" అని మాటిచ్చినవాడు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూస్తాడు. అతని ఎదురుచూపుకు వడ్డీ కట్టేది మేస్త్రి.

చట్టం ఇక్కడ ఒక పక్కకే మొగ్గింది. ఇంటి నిర్మాణం సేవ కిందికే వస్తుంది కాబట్టి పని చెడితే ఇంటాయన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. డబ్బు రాని మేస్త్రికి ఆ తలుపు మూసి ఉంటుంది. కోర్టు ఫీజు కట్టి సివిల్ దావా వేయాలి, అదీ మూడేళ్లలోపు. ముప్పై వేల కోసం ఏ మేస్త్రి వేస్తాడు? ఎగ్గొడతారని ముందే తెలుసు కాబట్టే అడ్వాన్సు ఎక్కువ అడుగుతాడు. ఎక్కువ అడుగుతాడు కాబట్టే మనం ఆఖరున బిగబడతాం.

దాచేపల్లి ఇప్పుడు నగర పంచాయతీ. పై అంతస్తు వేసేవాళ్లు అనుమతి కోసం ఎలాగూ ఆఫీసుకు వెళతారు. ఆ కాగితాలతో పాటు రెండు పేజీల తెలుగు ఒప్పంద పత్రం ఒకటి అచ్చువేసి ఇస్తే ఖర్చు పెద్దదేం కాదు. చిన్న రిపేర్లకు అనుమతి అక్కర్లేని వాళ్లు కూడా అడిగి తీసుకోవచ్చు. అందులో విడతల పట్టిక, ఎక్‌స్ట్రా పనులకు గళ్లు, సామాను ఎవరిదన్న వరస ఉండాలి. వానాకాలం దాకా ఆపే ఐదు శాతం ఇంటాయన జేబులో కాకుండా, ఇద్దరూ నమ్మే మూడో మనిషి దగ్గర ఉంచాలని రాయాలి. పై విడతల్లో దేనికైనా, దశ పూర్తయిన పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే ఆ గడువు దాటిన రోజు నుంచి మేస్త్రికి నూటికి రూపాయి వడ్డీ అన్న వాక్యం కూడా అందులో ఉండాలి, ఇంటాయన సంతకానికి సరిగ్గా పైన.