పైన పటారం, లోన లొటారం

మైపాడులో చేపలు కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడకుండా నేను ఏనాడూ డబ్బులివ్వలేదు. మొప్ప ఎర్రగా ఉందా, కన్ను తేటగా ఉందా, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేస్తోందా... అన్నీ చూశాకే బేరం. చీర కొంటే జరీ పోగు గీరి చూస్తాను. గిల్టు నగని పది అడుగుల దూరం నుంచే పట్టేస్తాను. అలాంటి దాన్ని, మొన్న ఒక వైరు దగ్గర బోల్తా పడ్డాను. నా తప్పు మీకు చెబితే మీకైనా డబ్బు మిగులుతుందని రాస్తున్నాను.

మా అమ్మాయి పురిటికి వచ్చింది. సెలవు అయిపోయాక కొన్నాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు ఆఫీసు వాళ్ళు. నా ఆనందం ఇంతా అంతా కాదు. పాపకి స్నానం, ఉగ్గు, నిద్ర నా వంతు. అమ్మాయి మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ ముందు. మధ్యలో పాలివ్వడానికి రెండు మెట్లకొకటి దిగి వస్తుంది. నెట్ పెట్టె కింద హాల్లో ఉంది. శ్లాబు దాటి వైఫై సరిగ్గా పైకి ఎక్కదు. అందుకని వైరు లాగాలనుకున్నాం.

నెల్లూరు వెళ్ళినప్పుడు నేనే ఆ పని కూడా చూసుకొచ్చాను. కొట్టు అబ్బాయి రెండు వైర్లు చూపించాడు. రెండూ నీలం రంగే, రెండింటి మీదా క్యాట్ 6 అనే అచ్చు. ఒకటి మీటరు 30 రూపాయలు, ఇంకొకటి 12. "తేడా ఏంది అబ్బయ్యా?" అంటే "కంపెనీ పేరే అక్కా, పని ఒకటే" అన్నాడు. మాకు కావలసింది 25 మీటర్లు. 750 పెట్టే చోట 300తో పని అయిపోయిందని ఇంటికొచ్చి మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది గోల. మీటింగు మధ్యలో అమ్మాయి బొమ్మలా ఆగిపోయేదట. మాట ముక్కలు ముక్కలుగా వెళ్ళేదట. నెట్ వాళ్ళు మూడుసార్లు వచ్చి చూసి "మా లైను బాగుందమ్మా" అని వెళ్ళిపోయారు. ఒక రాత్రి అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "ఇలా అయితే కుదరదమ్మా. వచ్చే నెల బెంగళూరు వెళ్ళిపోతాను, పాపని క్రెష్‌లో వేస్తాను" అంది. ఏడు నెలల పిల్ల. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రొయ్యల గుంటల దగ్గర కెమెరాలు బిగించే మా అక్క కొడుకుని పిలిపించాను. వాడు చేసింది చూస్తే, ఇంతేనా అనిపించింది. ల్యాప్‌టాప్‌ని కిందకి తెచ్చి, పెట్టె పక్కనే కూర్చుని తన దగ్గరున్న చిన్న వైరుతో కలిపాడు. పరుగెత్తింది. "పిన్నీ, లోపం బయట లేదు, నువ్వు లాగిన వైర్లోనే ఉంది" అన్నాడు. కొస కత్తిరించి, లోపలి తీగ ఒకటి తీసి బ్లేడుతో గీరాడు. పైన ఎర్రటి రాగి, దాని కింద తెల్లగా మెరుస్తున్న అల్యూమినియం! నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగింది.

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. అల్యూమినియం మీద రాగి పూత పూసిన ఈ తీగని వ్యాపారంలో సీసీఏ అంటారట. అసలు ఈ వైర్ల ప్రమాణాల ప్రకారం తీగ మొత్తం రాగే అయి ఉండాలి. అల్యూమినియం తీగలో కరెంటు రాగిలో వెళ్ళినంత సులువుగా వెళ్ళదు, రాగితో పోలిస్తే సుమారు 60 శాతమే. పైగా పెళుసు. కెమెరాలకి అదే వైరులో కరెంటు కూడా పంపుతారు కాబట్టి, అక్కడైతే ఈ రకం వేడెక్కుతుంది కూడా. గుంటల దగ్గర ఇది అస్సలు వాడనన్నాడు వాడు.

ఇంకో సంగతి చెప్పాడు. ఆ వైరులో నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. సెకనుకి 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు. గిగాబిట్‌కి, అంటే 1000కి, నాలుగు జతలూ కావాలి. ఒక్క తీగ తెగినా 1000 కాస్తా 100కి పడిపోవచ్చు. అదే తీగ తలుపు సందులో ఒకసారి అంటుకుంటూ, ఒకసారి వదిలేస్తూ ఉంటే మా ఇంటి కథే. దానికి తోడు మాది సముద్రపు గాలి. కిటికీ ఊచల్నే తినేసే ఉప్పు, ఆ ప్లగ్గు పిన్నుల్ని వదులుతుందా? అవి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. మంచి ప్లగ్గుల్లో పిన్నుల మీద సన్నని బంగారు పూత వేసేది అందుకేనట.

నేను మిగిల్చింది 450 రూపాయలు. కిలో వంజరం ధర కూడా కాదు. దానికోసం నా మనవరాలిని బెంగళూరు పంపించబోయాను.

అలాగని ఖరీదైనదల్లా మంచిదని నేను అనను. ఈసారి కొట్టుకి వెళితే ఇంకో అబ్బాయి "క్యాట్ 8 తీసుకోండమ్మా, ఇదే లేటెస్టు" అన్నాడు. ఇద్దరి వంటకి పెళ్ళి డేగిశా ఎందుకు? క్యాట్ 5ఈ వైరు కూడా 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగం మోస్తుంది. ఇంటికి అసలు రాగి ఉన్న క్యాట్ 6 అయితే చాలా ఏళ్ళు నిశ్చింత. అంతకు మించి పెట్టే డబ్బు దండగే.

మరి ఎలా చూడాలి? మనకి తెలిసిన విద్యే. తీగ గీరండి, లోపలా ఎర్రగానే ఉండాలి. చేత్తో తూచండి. అల్యూమినియం రాగి బరువులో మూడో వంతు కూడా ఉండదు, అందుకే ఒకే పొడవున్న రెండు చుట్టలు పక్కపక్కన పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. వైరు మీది అచ్చు చదవండి. 23 లేదా 24 ఏడబ్ల్యూజీ అని ఉంటే మంచిది. ఈ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. "మొత్తం రాగి" అని బిల్లు మీద రాయించండి. రాయనంటే ఆ కొట్టు దిగి వచ్చేయండి. ఎండలో లాగేటట్లయితే బయట వాడే నల్ల తొడుగు వైరే అడగండి.

2017 డిసెంబరులో మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు 149 రూపాయలకే నెట్ అంటే, టీవీతో పాటు వచ్చే సరదా అనుకున్నాను. ఇప్పుడు అది మా అమ్మాయి జీతం. అయినా ఇలాంటి వస్తువుల దగ్గర "మగవాళ్ళు చూసుకుంటారులే" అని మనమే పక్కకి తప్పుకుంటాం, లేదంటే నాలాగా ధర ఒక్కటే చూస్తాం. మొప్ప ఎత్తి చూసే చేతికి వైరు గీరి చూడడం ఎంత పని?

కొత్త వైరు వేసి నెల దాటింది. మీటింగులు సాఫీగా సాగుతున్నాయి. బెంగళూరు మాట పూర్తిగా పోలేదు, ఏదో ఒక రోజు వెళ్ళక తప్పదు. కానీ వెళ్ళేది తన ఉద్యోగం కోసం వెళుతుంది, నా బేరం వల్ల కాదు. ప్రస్తుతానికి పాప నా ఒళ్ళోనే ఉంది, పాత వైరు ముక్క లాగేసుకుని నోట్లో పెట్టుకోబోతోంది. ఇక ఉంటాను.