వరంగల్ స్టేషన్లో దిగితే ఏమవుతుంది?

మాది ఖమ్మం, ఖానాపురం హవేలి. ఇంజనీరింగు నాలుగేళ్ళు, ఉద్యోగం ఐదేళ్ళు... మొత్తం తొమ్మిదేళ్ళుగా ఖమ్మానికీ సికింద్రాబాదుకీ మధ్య రైల్లో తిరుగుతూనే ఉన్నాను. వరంగల్ మీదుగా తక్కువలో తక్కువ మూడొందల సార్లు వెళ్ళుంటాను. ప్లాట్‌ఫాం మీద టీ తాగాను, బజ్జీలు తిన్నాను. స్టేషను గేటు దాటి బయటికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నాన్న తోడున్నప్పుడల్లా అనేవాడు, "ఓసారి దిగి కోట చూసిపోదాంరా" అని. "ఇప్పుడు కాదు నాన్నా, రిలీజుంది" అనేవాణ్ణి. రెండేళ్ళ క్రితం నాన్న పోయాడు. రిలీజులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి.

అలాగని నేనేమీ ఇల్లు కదలని మనిషిని కాదు. గోవా రెండుసార్లు చూశాను. టీం వాళ్ళతో కలిసి కంబోడియా కూడా వెళ్ళాను (క్రెడిట్ కార్డు ఈఎంఐ ఇంకా నడుస్తోంది లెండి). ఆంకోర్ వాట్‌లో గైడుకి డాలర్లిచ్చి అక్కడి రాజుల పేర్లు శ్రద్ధగా విన్నాను. మా ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్న కాకతీయుల రాజధాని గురించి ఎవరైనా అడిగితే స్కూల్లో చదివిన రెండు ముక్కలు తప్ప ఏమీ రావు. సిగ్గేసింది.

అందుకే మొన్నొక శనివారం అమ్మని బయల్దేరదీశాను. జనరల్ టికెట్లు, డబ్బాలో పులిహోర, రెండు సీసాల నీళ్ళు. అంతే ప్యాకేజీ. దోర్నకల్ జంక్షన్లో భద్రాచలం రోడ్డు లైను పక్కకి విడిపోతుంది. తర్వాత మహబూబాబాద్, కేసముద్రం, నెక్కొండ... నిజాం కాలంలో, 1889 కల్లా బెజవాడ దాకా వేసిన లైనే ఇది. వరంగల్లో దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో కోటలో ఉన్నాం.

కోట మధ్యలో ఒకప్పుడు స్వయంభూ శివుడి గుడి ఉండేది. ఇప్పుడు గుడి లేదు. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలబడి ఉన్నాయి, మధ్యలో విరిగిన స్తంభాలు, నందులు, చెక్కిన రాళ్ళు. 1323లో ఉలుగ్ ఖాన్ (తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఇతనే) ఓరుగల్లుని పట్టుకున్నాక గుడిని కూల్చారు. అక్కడే కట్టిన మసీదు చుట్టూ ఈ తోరణాలని కావాలనే ఉంచుకున్నారని ఈటన్, వాగనర్ అనే చరిత్రకారులు రాశారు. ఇప్పుడు ఆ మసీదూ లేదు. 2014లో తెలంగాణ రాజముద్రలో పెట్టుకున్నది ఈ తోరణాన్నే.

అమ్మ ఒక రాతి మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసి, "ఇంత పని చేసినోళ్ళ పేర్లు ఎక్కడా లేవేందిరా?" అంది. గణపతిదేవుడు, రుద్రమదేవి అని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ అడిగింది రాజుల గురించి కాదు.

మా ఫ్రెండ్స్‌కి చెబితే వచ్చిన మొదటి ప్రశ్న, "ఒక్క రోజులో ఏం కవరవుతుంది?" అసలు గొడవంతా ఈ 'కవర్' చెయ్యడంతోనే. కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప అన్నీ ఒక్క రోజులో పెట్టుకుంటే మిగిలేవి ఫోటోలే. రామప్పకి రైలు లేదు, దానికి వేరే రోజు కావాలి. మేం కోటలోనే చెట్టుకింద కూర్చుని పులిహోర తిన్నాం. అమ్మ మోకాళ్ళకి అదే కుదిరింది. సాయంత్రం హనుమకొండలో వేయిస్తంభాల గుడి మాత్రం చూశాం. 1163 నాటిది. ఎన్నో ఏళ్ళ క్రితం రాళ్ళన్నీ విప్పేసిన అక్కడి కల్యాణ మంటపాన్ని మళ్ళీ నిలబెట్టి 2024లో తెరిచారు.

ఇబ్బందులు లేవని చెప్పను. కోటలో ఎండ దంచేస్తుంది, టోపీ తప్పనిసరి. తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. ఎవరో కాలేజీ కుర్రాడు లేచి అమ్మకి సీటిచ్చాడు. నేను నిలబడే వచ్చాను. ఇద్దరికీ కలిపి ఖర్చు ఏడొందలు దాటలేదు. మా టీం డిన్నర్లో స్టార్టర్ల బిల్లు అంతకన్నా ఎక్కువే అవుతుంది.

డబ్బుల్లేక, సెలవుల్లేక మనం ఇలాంటివి చూడట్లేదంటే నేనొప్పుకోను. దగ్గరున్నది ఎక్కడికీ పోదులే అన్న ధీమా మనది. నిజమే, ఏడొందల ఏళ్ళ రాళ్ళు ఎక్కడికీ పోవు. మనతో రావాలనుకున్న వాళ్ళే ఉండరు.

మీ దారిలోనూ ఇలాంటి స్టేషను ఒకటి ఉండే ఉంటుంది. విశాఖ లైన్లో వెళ్ళేవాళ్ళకి బిక్కవోలు ఉంది, తూర్పు చాళుక్యుల గుళ్ళు. హంపికైతే హోసపేట. ఈసారి దాటిపోకుండా దిగండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని కూడా తీసుకెళ్ళండి.