బల్ల ఉంది, అవతల ఎవరు?

“పిల్లల కోసమా మేడమ్?”

టేబుల్ టెన్నిస్ బ్యాటుకు కొత్త రబ్బరు వేయించుకుందామని వెళ్తే దుకాణం కుర్రాడు అడిగిన మొదటి మాట అది. నాకేనన్నాను. “ఓ... టైంపాస్‌కా!” అన్నాడు. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు. నలభై అయిదేళ్ల ఇల్లాలు బ్యాటు పట్టిందంటే పిల్లలకు నేర్పడానికో, ఒళ్లు తగ్గడానికో, కాలక్షేపానికో అయి ఉండాలి. గెలవాలనే పట్టుదలతో ఆడుతుందని ఎవరికీ తట్టదు. ఆ మాటకొస్తే మనకే తట్టదు!

నేను కాలేజీ జట్టులో ఆడినప్పుడు గేముకు 21 పాయింట్లు, బంతి 38 మిల్లీమీటర్లు. పెళ్లయ్యాక బ్యాటు అటకెక్కింది. దించి చూసేసరికి లోకమే మారిపోయింది. 2000లో బంతి 40 మిల్లీమీటర్లయింది, 2001లో గేము 11 పాయింట్లకు తగ్గింది, 2014 నుంచి సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది. వీటన్నిటికీ చెయ్యి మెల్లగా అలవాటుపడింది. అలవాటు పడనిది ఒక్కటే, బల్లకు అవతల ఎవరూ లేకపోవడం.

వాకింగ్ ఒక్కరమే చేసుకోవచ్చు. యోగాకు చాప చాలు. ఈ ఆట అలా కాదే! సగం బల్లను నిలబెట్టి దానికేసి కొట్టుకోవచ్చు. కాకపోతే అది మనం పంపిన బంతినే తిప్పి పంపుతుంది గానీ సర్వీసు చేయదు, మోసం చేయదు, మన బలహీనత కనిపెట్టదు. ఆట పెరగాలంటే మనకన్నా ఒక పిసరు ఎక్కువ ఆడే మనిషి, వారంలో రెండు రోజులు, ఒకే వేళకు రావాలి. మా వారు రెండు వారాలు ఆడారు. మొదటి వారం నన్ను గెలిపించారు, రెండో వారం నేను గెలిచాను. మూడో వారానికి ఆయనకు నడుం నొప్పి వచ్చింది!

మేముండేది జల్‌పల్లిలో. నేర్పే అకాడమీలు నగరానికి అటువైపు ఉన్నాయి. వాటి వేళలు సాయంత్రం, అదీ పిల్లలకు. సరిగ్గా మనం పొయ్యి వెలిగించే టైము. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు 2023 డిసెంబరు 9 నుంచి ఉచితమే. టికెట్టు తగ్గింది గానీ దారి తగ్గలేదుగా! ఒక క్లబ్బులో అడిగితే సభ్యత్వం భర్త పేరనే ఇస్తామన్నారు. లేడీస్‌కు టైము ఎప్పుడంటే, పగలు పదకొండు నుంచి పన్నెండు. ఉద్యోగం చేసే ఆడవాళ్లు వాళ్ల లెక్కలోనే లేరు.

ఇంత వెతికాక దొరికింది ఎవరంటే, రెండు వీధుల అవతల ఉండే టీచరమ్మ. మా పిల్లలు పిలిచినట్టే నేనూ ఆపా అని పిలుస్తాను. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు నేర్పారట. బంతిని కిందికి కోసి పంపిందంటే నా బ్యాటు తగలగానే అది నెట్టులో పడాల్సిందే. ఆమె బడిలో ఒక బల్ల ఉంది. దానిమీద యూనిఫారాల మూటలు! వాటిని దించి, ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. ఒక రోజు ఆపా అన్నది, “మన సుల్తానా ఇక్కడి పిల్లే కదా, తెలుసా?” నాకు తెలియదు. సిగ్గుపడ్డాను.

హైదరాబాద్ అమ్మాయి సయీద్ సుల్తానా 1949 నుంచి 1954 దాకా వరసగా ఆరేళ్లు జాతీయ మహిళా చాంపియన్. మొదటిసారి గెలిచేనాటికి ఇంకా చిన్నపిల్లే. 1956లో పాకిస్తాన్ వెళ్లిపోయారు, మనం మరిచిపోయాం. ఇదే నగరం నుంచి ఆకుల శ్రీజ వచ్చారు. 2022, 2023లలో జాతీయ చాంపియన్. 2022 కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి పదహారు మందిలో నిలిచారు. ఇలాంటి పేర్లు పత్రికల్లో చూసి మురిసిపోతాం. మనింటి పక్కన బల్ల మీద మూటలుంటే మాత్రం పట్టించుకోం.

“నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు పెట్టి నిలబడేచోట నీకు టేబుల్ టెన్నిస్ కావాల్సి వచ్చిందా?” అని మా అత్తగారు. నిజమే అత్తమ్మా! కానీ మన వెనక మైదానంలో మగపిల్లలు రోజూ చీకటి పడేదాకా క్రికెట్ ఆడతారు. వాళ్లను ఎవరైనా ట్యాంకర్ సంగతి అడిగారా?

నేనడిగేది కొత్త స్టేడియం కాదు. పహాడీ షరీఫ్ దారిలో ఒకసారి చూడండి, ఎన్ని ఫంక్షన్ హాళ్లో! పెళ్లిళ్లు లేని రోజు పగలంతా ఖాళీ. ఆషాఢంలో ఖాళీ, ముహర్రంలో ఖాళీ, రంజాన్ నెలలో ఖాళీ. చాలా హాళ్లలో ఆడవాళ్లకు విడిగా తలుపు, విడిగా భాగం ముందే ఉన్నాయి. ఇక పరదా మాట, “మగవాళ్లు చూస్తారు” అన్న మాట వచ్చే పని లేదు. మడిచి మూలకు నెట్టే బల్ల తొమ్మిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. వెనక్కి నాలుగడుగులు వేసే జాగా, తలమీద మంచి వెలుతురు ఉంటే చాలు. నున్నటి నేల మీద జారకుండా బూట్లుండాలి. బంతి బరువు 2.7 గ్రాములే కాబట్టి ఫ్యాన్లు ఆపాలి. మే నెలలో ఫ్యాను ఆపి ఆడగలిగితే సీరియస్‌గా ఆడుతున్నట్టే లెక్క!

వారంలో రెండు రోజులు, రెండేసి గంటలు ఆడవాళ్లవి అని రాసి గోడకు అంటించాలి. వచ్చిన వాళ్ల స్కోరు పుస్తకంలో రాయాలి. ఎవరు ఎవరికి సమానమో అందులో తెలిసిపోతుంది, జోడీ వెతుక్కునే బాధ ఉండదు. డబ్బు తలా కొంచెం వేసుకుందాం. బతుకమ్మ ఆడటానికి వీధిలో అందరం చేరమూ? ఒక హాలు యజమానిని అడిగాం. “చూస్తం లెండి, పెళ్లిళ్లు తక్కువున్నప్పుడు రండి” అన్నాడు. మళ్లీ వెళ్తాం.

మొన్న ఆదివారం ఆపా చేతిలో మూడు గేములు ఓడాను. నాలుగోది 9-9 దగ్గర ఉంది, సర్వీసు నాది. అంతలో వాచ్‌మన్ తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.