నల్లకోటు, మగ్గం, మంత్రి కుర్చీ

తెలుగు, మరాఠీ కలగలిసి వినిపించే అంచు ఊరు ఆసిఫాబాద్ దిక్కున వాంకిడి. కొండా లక్ష్మణ్ బాపూజీ 1915లో పుట్టింది అక్కడే. హైదరాబాదులో వకీలుగా చేశారు, చేనేత సహకార సంఘాలు కట్టించారు, 1952లో ఆసిఫాబాద్ నుంచి శాసనసభకు వెళ్లారు. తర్వాత డిప్యూటీ స్పీకరు, మంత్రి. సంఘాలు పెట్టినాయనే సర్కారులో కూర్చుంటే సంఘాలకు మేలా, కీడా?

మేలేననడానికి మగ్గం గుంతలో దిగి చూస్తే చాలు. నూలు అప్పుగా ఇచ్చేది సావుకారు, బట్టకు ధర కట్టేదీ ఆయనే. పడుగు ఎక్కించి సగం నేశాక కండెలు అయిపోతే మగ్గం ఆగుతుంది, మళ్లీ ఆయన గడపే తొక్కాలి. ఆ లెక్క ఎప్పటికీ తెగదు. దీన్ని తెంపాలంటే బైలా రాయగల వకీలు కావాలి, నూలూ అప్పూ ఇప్పించగల మంత్రీ కావాలి. ఆ ఇద్దరూ ఒకే మనిషిలో దొరకడం, ఆ మనిషీ పద్మశాలీయే కావడం, నేతగాళ్లకు చిన్న సంగతేం కాదు.

అటువైపు వాదన కూడా తీసిపారేయలేం. బట్ట కొనేది సర్కారీ వ్యవస్థే అయినప్పుడు గిరాకీ సంగతి ఎవరికి పడుతుంది? అందరి చూపూ హైదరాబాదు మీదే. 1976లో ఆంధ్ర, తెలంగాణ చేనేత కేంద్ర సంఘాలను కలిపి ఆప్కో చేశాక ఈ అలవాటు ముదిరింది. ఎన్నికల్లేక, సర్కారు పెట్టిన పర్సన్ ఇన్‌చార్జీలు నడిపిన సంఘాల్లో వాటాదారుడే కూలీగా మిగిలాడు. సావుకారు పోయి సెక్రటరీ వచ్చాడన్న ఎత్తిపొడుపులో కొంత నిజముంది.

బాపూజీని ఇంకొకరితో పోల్చి చూద్దాం. అమెరికాలో 1845లో రోడ్ ఐలండ్ గవర్నరైన చార్లెస్ జాక్సన్ కూడా వకీలే, శాసనసభ్యుడే. కాని ఆయన నడిపింది సొంత నూలు మిల్లు. తన సరుకు కోసమే చట్టం చేస్తున్నాడేమో అన్న అనుమానం అలాంటివాళ్లను వదలదు. బాపూజీకి సంఘాల వల్ల దక్కింది పలుకుబడి. అదీ ఓట్లకు అక్కరకొచ్చే పెట్టుబడే అంటారా, అనండి. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవే వదులుకున్న మనిషిని ఆ తక్కెడలో తూచడానికి మాత్రం నాకు మనసొప్పదు. సంఘాలకు సర్కారు మీద ఆనుకోవడం నేర్పడంలో ఆయన తరానికి వాటా ఉంది. ఎన్నికలు పెట్టకుండా ఏళ్లకేళ్లు ఈడ్చిన పాపం తర్వాత వచ్చిన ప్రభుత్వాలది.