వెయిటేజీ ఎటు పోయింది?

కొవిడ్ ధాటికి 2021లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రద్దు చేసి, అందరినీ పాస్ చేశాయి. దాంతో ఇంజనీరింగ్ ర్యాంకుల్లో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని పక్కన పెట్టక తప్పలేదు. ర్యాంకు పూర్తిగా ప్రవేశ పరీక్ష చేతికి వెళ్లింది.

మహమ్మారి తగ్గాక దారులు చీలాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ పాత వెయిటేజీని తిరిగి తెచ్చింది. తెలంగాణ శాశ్వతంగా ఎత్తేసింది.

వేర్వేరు బోర్డుల మార్కులను ఒకే తూకంలో వేసే తలనొప్పి తెలంగాణకు తప్పిన మాట నిజమే. కానీ రెండేళ్ల చదువును మూడు గంటల పరీక్ష మింగేస్తే లాభం ఎవరికి? కోచింగ్ ఫీజు కట్టగలిగిన ఇళ్లకే. ప్రభుత్వ జూనియర్ కళాశాలల పిల్లలకు సీట్లు పెరిగాయో తగ్గాయో ఉన్నత విద్యామండలి ఏటా లెక్క చెప్పాలి.