ఒక్క గంటకు ఆగేవాళ్లు ఎర్ర దీపానికి ఎందుకు ఆగరు?

భూగర్భ గనిలో బొగ్గు టబ్బులను లాగే హాలేజీ నడుస్తుండగా సిగ్నల్ గంట ఒక్కసారి మోగితే ఆపరేటర్ వెంటనే ఆపేస్తాడు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని ఆరా తీయడు. కదులుతున్న యంత్రానికి ఒక్క గంట అంటే ఆగమనే అర్థమని బొగ్గు గనుల నిబంధనలు చెబుతున్నాయి. నస్పూర్, శ్రీరాంపూర్‌ సింగరేణి గనుల కార్మికులకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. అదే మనిషి షిఫ్టు దిగి, బండెక్కి మంచిర్యాల రోడ్డు మీదికి వచ్చాక ఎర్ర దీపాన్ని చూసీచూడనట్టు దాటిపోతే, క్రమశిక్షణ లేదని తేల్చేయడం సులువే. కానీ గంట ముందు ఉన్న క్రమశిక్షణ గంటలోనే ఎక్కడికి పోతుంది? లోపం మనిషిలో కంటే సిగ్నల్ చుట్టూ ఉన్న ఏర్పాటులో వెతకాలి.

గనిలో గంటకు అర్థం తెలియకుండా ఎవరినీ పనిలోకి దించరు. ముందు వృత్తి శిక్షణ కేంద్రంలో (వీటీసీ) శిక్షణ ఇస్తారు. రోడ్డు మీద అలా కాదు. లైసెన్సున్నా వెలిగి ఆరే దీపాల అర్థం తెలియనివాళ్లు ఎందరో. పసుపు దీపం వెలిగి ఆరుతుంటే వేగం తగ్గించి, చూసుకుని పోవచ్చు. ఎర్ర దీపం వెలిగి ఆరుతుంటే స్టాప్ బోర్డు ముందు ఆగినట్టు పూర్తిగా ఆగి, దారి ఖాళీ అయ్యాకే కదలాలి. ఎర్ర దీపం నిలకడగా వెలిగితే పచ్చ దీపం వచ్చేదాకా కదలకూడదు. ఈ మూడింటినీ కలిపి ‘కొంచెం నెమ్మదిగా పోతే చాలు’ అని చదువుకోవడంలోనే ప్రమాదం ఉంది. ఎర్ర దీపం దాటడాన్ని 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ప్రమాదకర డ్రైవింగ్ కిందే చేర్చింది.

అయితే చట్టంలో రాసినంత మాత్రాన బండ్లు ఆగవు. కాపలా లేని రైల్వే గేటు దగ్గర డ్రైవరు ఆపాలని, క్లీనరో కండక్టరో దిగి పట్టాల దాకా వెళ్లి రైలు రావడం లేదని చూసుకోవాలని 1988 చట్టంలోని 131వ సెక్షను ఎప్పుడో చెప్పింది. అయినా 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో అలాంటి గేటు దగ్గరే రైలు స్కూలు బస్సును ఢీకొట్టి పసిపిల్లలు బలైపోయారు. చివరికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లనే 2019 జనవరి నాటికి తీసేయాల్సి వచ్చింది. డ్రైవరు బాధ్యతకు తోడు ఏర్పాటు కూడా బలంగా ఉంటేనే ప్రాణాలు నిలుస్తాయన్నది అక్కడి పాఠం.

అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద ఎందుకాగాలని కొందరంటారు. బొగ్గు బెల్టులో రాత్రి పదకొండు గంటలంటే షిఫ్టు మారే వేళ. బైకుల మీద వచ్చేవాళ్లు, పోయేవాళ్లు అప్పుడే ఎదురవుతారు. నేను ఆగితే వెనకొచ్చే టిప్పరు గుద్దుతుందన్న భయం ఇంకాస్త బరువైనది. కానీ పసుపు వెలిగిన క్షణాన సడన్ బ్రేకు వేయమని నిబంధన చెప్పదు. క్షేమంగా ఆగలేనంత దగ్గరికొస్తే దాటిపోవచ్చు. మిగతా భయమంతా వెనకవాడు ఆగడన్న అపనమ్మకం నుంచి వచ్చిందే. అందరూ ఆగితేనే అది పోతుంది. సిగ్నళ్ల గొడవ కంటే అతివేగమే పెద్ద జబ్బు కదా అన్న ప్రశ్నా ఉంది. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 ప్రాణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోవే. నిజమే, అయితే దూసుకొచ్చేవాడు సిగ్నల్ చూసినా ఆగలేడు. ఆ రెండూ ఒకే జబ్బు.

కాబట్టి చలానాల కంటే ముందు చేయాల్సిన పనులున్నాయి. కలెక్టరేట్ ఉన్న నస్పూర్‌లో, 63వ నంబరు జాతీయ రహదారి మీది కూడళ్లలో ఎక్కడ పసుపు, ఎక్కడ ఎరుపు వెలిగి ఆరాలో పోలీసులు, రహదారుల ఇంజినీర్లు కలిసి తేల్చాలి. పాడైన దీపాన్ని అలాగే వదిలేయడమంటే సిగ్నల్‌ను లెక్కచేయకపోవడం జనానికి అలవాటు చేయడమే. సింగరేణి తన వీటీసీ తరగతుల్లో రోడ్డు సిగ్నళ్లకూ కాస్త సమయం ఇవ్వాలి; బొగ్గు మోసే కాంట్రాక్టు టిప్పర్ల డ్రైవర్లకు దాన్ని తప్పనిసరి చేయాలి. ఇవన్నీ చేశాక కూడా ఎర్ర దీపం దాటినవాడికి జరిమానా వేస్తే, వసూళ్ల కోసమేనని ఎవరూ అనలేరు.