ఎవరి ఉప్పు, ఎవరి విశ్వాసం?

మా కళాశాల అధ్యాపకుల గదిలో ఈ మధ్య ఒక వాదం జరిగింది. గురజాడ మీదనో గిడుగు మీదనో కాదు. అటువంటి వాదాలు మా గదిలో జరిగి చాలాకాలమయింది. ఆపిల్ వారి ఐఫోను గొప్పదా, గూగుల్ వారి ఆండ్రాయిడ్ గొప్పదా అన్నది ఆనాటి వివాదం. ఇద్దరు మిత్రులు, ఇద్దరూ అభ్యుదయవాదులే, గొంతులు పెంచారు. నేను మూడోవాణ్ణి. నేనయినా ఊరుకున్నానా? లేదు. పన్నెండేళ్ళుగా నేను వాడుతున్న కంపెనీ పక్షాన, ఆ కంపెనీయే నాకు వకాల్తా ఇచ్చినట్టు, ముప్పావుగంట వాదించాను. ఖాళీ టీ గ్లాసులు తీసుకుపోతూ మా అటెండరు, “రెండూ ఫోన్లే గదా మాస్టారూ, ఏటి తేడా?” అన్నాడు. ఆ ప్రశ్నకు మా ముగ్గురిలో ఎవరమూ జవాబు చెప్పలేదు.

ఇంటికి పోతూ ఆలోచించాను. నా సాహిత్యాభిప్రాయాలను సమర్థించుకోవటానికి కూడా నేనెన్నడూ అంత ఆవేశపడి ఎరగను. నాకు జీతమిచ్చే సంస్థ కాదది. నేను జీతంలోంచి డబ్బిచ్చిన సంస్థ. దానికోసం నా రక్తం ఎందుకు ఉడకాలి? ఇది నా ఒక్కడి జబ్బే అయితే దాన్ని గురించి వ్యాసం రాయనక్కరలేదు. కాని మా విద్యార్థులలో ఇది నాకంటె ముదిరి ఉన్నది. ఏ ఫోను పట్టుకున్నాడన్నదానిని బట్టి మనిషికి కులమొకటి కొత్తగా ఏర్పడుతున్నది. నేను ఏ శిబిరంవాణ్ణో ఇక్కడ చెప్పను. చెబితే పాఠకులు వెంటనే రెండు పార్టీలుగా చీలి, వాదాన్ని వదిలి ఫోనును పట్టుకుంటారు.

“ఉప్పు తిన్న విశ్వాసం” అని మనకొక మాట ఉన్నది. జమీందారీ వ్యవస్థ పెంచి పోషించిన నీతి అది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి సంస్థానాల కింద బతికిన ఈ ప్రాంతానికి దాని రుచి బాగా తెలుసు. దొర తిండి పెట్టాడు గనుక నౌకరు ప్రాణమివ్వాలి. ఆ నీతి అన్యాయమైనదే. కాని అందులో లెక్కంటూ ఒకటి ఉన్నది: పెట్టినవాడొకడు, తిన్నవాడొకడు. ఈనాటి కంపెనీ భక్తిలో ఆ లెక్క కూడా తలకిందులయింది. ఉప్పు పెట్టిందీ మనమే, విశ్వాసం చూపవలసిందీ మనమేనట! జమీందారు కలలోనైనా ఊహించలేని స్వామిభక్తి ఇది.

ఈ విశ్వాసానికి బదులుగా కంపెనీ మనకు చూపే విశ్వాసమెంత? చరిత్రను అడుగుదాం. మా నాన్నగారి చేతిలో నోకియా 1100 ఉండేది. 2003లో వచ్చిన ఆ ఫోను ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కింద పడితే నేలకు దెబ్బ తగులుతుంది గాని ఫోనుకు కాదని మా వీధిలో హాస్యం. మా ఇంట్లో నోకియా అంటే కంపెనీ పేరు కాదు, ఫోనుకు మరో మాట. 2011 ఫిబ్రవరిలో ఆ కంపెనీ తన సింబియన్ వ్యవస్థను పక్కకు నెట్టి మైక్రోసాఫ్టు వారి విండోస్ ఫోనును తలకెత్తుకున్నది. 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారాన్నే మైక్రోసాఫ్టుకు అమ్మివేసింది. పన్ను తగాదా మూలంగా మద్రాసు దగ్గరి శ్రీపెరుంబుదూరు కర్మాగారం ఆ అమ్మకంలో చేరలేదు; అదే సంవత్సరం నవంబరు 1న దాన్ని మూసివేశారు. వేలాది కార్మికులు, ముఖ్యంగా పడుచుపిల్లలు, వీధిన పడ్డారు. విండోస్ ఫోనును నమ్మి కొన్నవారి గతి ఏమయింది? 2020 నాటికి ఆ వ్యవస్థ కూడా గతించింది. ఇందులో మోసమేమీ లేదు; పెట్టుబడి తన స్వభావం ప్రకారం లాభమున్న చోటికి నడిచింది. స్వభావం తెలియక దానితో బంధుత్వం కలుపుకున్నది మనం.

“అది పాత కథ, ఇప్పుడున్నది ఆరోగ్యకరమైన పోటీ, ఇద్దరిలో మంచివాణ్ణి ఎన్నుకునే స్వేచ్ఛ మనకున్నది” అంటారు మిత్రులు. ఐఫోను 2007లో, ఆండ్రాయిడ్ ఫోను 2008లో బజారుకు వచ్చాయి. తక్కిన వ్యవస్థలు ఒక్కొక్కటిగా రాలిపోగా, చైనా వెలుపల ఈ రెండే మిగిలాయి. రెండు దుకాణాలే ఉన్న సంతలో బేరమాడటాన్ని స్వేచ్ఛ అనటం సాహసమే. పోనీ, ఆ రెండు దుకాణాలైనా నిజంగా పోట్లాడుకుంటున్నాయా? వెదుకులాట యంత్రాల గుత్తాధిపత్యం మీద అమెరికా ప్రభుత్వం గూగుల్‌పై పెట్టిన కేసులో బయటపడిన సత్యమొకటి ఉన్నది. ఐఫోనులోని సఫారీలో తన వెదుకులాటను ముందు నిలిపినందుకు 2022 ఒక్క సంవత్సరంలో గూగుల్ ఆపిల్‌కు సుమారు 2,000 కోట్ల డాలర్లు చెల్లించింది. 2024 ఆగస్టులో న్యాయస్థానం గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకున్నదని తీర్పు చెప్పింది. మనం అధ్యాపకుల గదిలో గొంతులు చించుకుంటున్న సమయంలో మన సేనాపతులిద్దరూ ఒకే బల్లదగ్గర కూర్చుని డబ్బు లెక్కపెట్టుకుంటున్నారన్నమాట!

మన పక్షంలో వినిపించే ఒక వాదానికి ఇక్కడ సమాధానం చెప్పాలి. “ఐఫోను సంపన్నవర్గాలది, ఆండ్రాయిడ్ ప్రజలది. దాని మూలం లైనక్స్, అది అందరి ఉమ్మడి సొత్తు” అంటారు. ఇందులో సగం సత్యమున్నది గనుకనే ఇది ప్రమాదకరమైనది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించగా ప్రపంచమంతటా వేలాది మంది పెంచిన లైనక్స్ నిజంగానే ఉమ్మడి శ్రమఫలం. ఆండ్రాయిడ్ దాని మీదనే నిలిచి ఉన్నది. కాని ఆ పునాది మీద గూగుల్ కట్టిన దుకాణం, పటం, చెల్లింపుల తలుపు, ఇవన్నీ సొంత ఆస్తి. ఫోన్లు చేసేవారిచేత తన సరుకంతా ముందే ఎక్కించే ఒప్పందాలు రాయించుకున్నందుకు భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అప్పీలులో కొన్ని ఆదేశాలు పోయినా, జరిమానా 2023 మార్చిలో ఖాయమయింది. ఊరి ఉమ్మడి చెరువుగట్టు మీద ఒకడు ఇల్లు కట్టి, నీళ్ళకు వచ్చేవారిని తన వాకిట్లోంచి పొమ్మంటే, చెరువు ఉమ్మడిదే గదా అని మనం సంతోషించగలమా?

రెండో పక్షంవారి వాదం: “ఆపిల్ మన రహస్యాలను కాపాడుతుంది.” ఇందులోనూ కొంత నిజముందని ఒప్పుకుంటాను. ప్రధానంగా పరికరం అమ్మి బతికే కంపెనీకీ, ప్రకటనల మీద బతికే కంపెనీకీ మన సమాచారం మీద ఉండే ఆకలి ఒకటి కాదు. కాని అంత ఖరీదు పెట్టగలిగినవానికే దొరికే గోప్యతను హక్కు అనలేము, అది సరుకు. పైగా కంచె దొంగను రానివ్వదు సరే, ఇంటివాణ్ణి కూడా బయటకు పోనివ్వకపోతే దాన్ని ఏమనాలి? బాటరీలు పాతబడిన ఐఫోన్ల వేగాన్ని తగ్గిస్తున్నట్టు ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకున్నది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా అలా చేశామన్నది, కావచ్చు. వాడేవారికి ముందుగా ఆ మాట ఎందుకు చెప్పలేదన్నదే ప్రశ్న. ఆ వ్యవహారంలో 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించటానికి రాజీ పడింది.

మూడో వాదం స్వదేశీ వాదం. 2023 జనవరిలో మద్రాసు ఐఐటీ ఆవరణలో పుట్టిన భరోస్‌ను పలువురు విముక్తిగా కొనియాడారు. ప్రయత్నం మంచిదే. కాని అది కూడా ఆండ్రాయిడ్ బహిరంగ మూలం మీద కట్టినదే. అందులో సిగ్గుపడవలసిందీ లేదు, జెండా ఎగరవెయ్యవలసిందీ లేదు. యజమాని ఏ దేశంవాడన్నది కాదు, తాళంచెవి ఎవరిదన్నది మన ప్రశ్న.

తెలుగు చదువుకున్నవాణ్ణి గనుక భాష సంగతి చెప్పకుండా ముగించలేను. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. తెలుగులో “జ్ఞా” అన్న అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన అనువర్తనం కుప్పకూలేది. జ్ఞానంలోని మొదటి అక్షరాన్ని ఆ గొప్ప యంత్రం భరించలేకపోయింది! పత్రికలు నవ్వుకున్నాయి, మనమూ నవ్వుకున్నాము. కొద్దిరోజులలో కంపెనీ దాన్ని సవరించింది. సవరించారు గదా అంటారేమో. తప్పు జరగటం తప్పు కాదు. ఏ యంత్రానికయినా జరుగుతుంది. కాని కోట్లాది తెలుగువారిలో కంప్యూటరు విద్య నేర్చినవారు ఎందరో ఉన్నా, తమ అక్షరానికి వచ్చిన ఆ జబ్బుకు తామే మందు వేసుకునే దారి వారికి లేదు. తలుపుకు బయట నిలబడి కాలిఫోర్నియా వైపు చూడవలసిందే.

ఇదే శ్రీకాకుళం జిల్లాలో పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ఏమి చేశాడు? సవరలకు చదువు చెప్పటానికి తానే సవరభాష నేర్చి, పుస్తకాలు రాసి, వ్యాకరణం కట్టాడు. వ్యావహారికోద్యమంలో ఆయన అడిగినది ఏ పండితుడు గొప్పవాడని కాదు. రాసినది జనానికి అందుతుందా లేదా అని. మనమిప్పుడు అడుగుతున్నది ఏ పండితుడు గొప్పవాడని! తెలుగులో స్వేచ్ఛ వంటి సంస్థలు స్వేచ్ఛా సాఫ్టువేరును తెలుగు చెయ్యటానికి ఏళ్ళ తరబడి శ్రమించాయి. ఫోన్ల గురించి ముప్పావుగంట వాదించిన మా ముగ్గురిలో ఒక్కరమూ ఆ పనికి ఒక్క మాటయినా అనువదించి ఇవ్వలేదు.

నా భక్తికి నేను చెల్లించిన మూల్యం ఇంకొకటున్నది. పాలకొండ, టెక్కలి ప్రాంతాల పల్లెల్లో తిరిగి తప్పెటగుళ్ళ పాటలు, జముకుల కథలు, ఊడ్పు పాటలు కొన్నేళ్ళపాటు ఫోనులో రికార్డు చేశాను. ఎవరు పాడారో, ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఆ ఫోనుతో వచ్చిన అనువర్తనంలోనే ఒక్కొక్క పాట కింద రాసుకున్నాను. నా ఫోను పాతబడింది; కంపెనీ దానికి రక్షణ సవరణలు పంపటం మానివేసింది; బాంకు అనువర్తనం పనిచెయ్యటం మానుకున్నది. పన్నెండేళ్ళ తరువాత మొదటిసారి, అవతలి శిబిరం ఫోను కొన్నాను. పాటలు వచ్చాయి. కింద రాసుకున్న మాటలు రాలేదు. ఆ గడిలోంచి వాటిని బయటకు తీసే దారి ఆ కంపెనీ పెట్టనేలేదు. పాత ఫోను తెర చూస్తూ మూడు వారాలు చేతితో కాగితం మీదికి ఎత్తుకున్నాను. సగంలో ఆ ఫోను చచ్చిపోయింది. ఇప్పుడు నా దగ్గర ఇరవై పైచిలుకు పాటలున్నాయి, పాడినవారి పేర్లు లేవు. వారిలో ఒక ముసలామె నిరుడు పోయింది. ఆమె గొంతు ఏదో నేను పోల్చుకోగలను. నా తరువాత ఎవరు పోల్చుకుంటారు? ప్రజల పాటకు కర్త పేరు మిగలలేదని తరగతిలో నేనే పాఠం చెబుతాను. ఈసారి ఆ పేరు చెరిపిన చేతులలో నా చెయ్యి కూడా ఉన్నది.

మా పాత విద్యార్థిని ఒకామె తమిళనాడులో ఫోన్లు కూర్చే కర్మాగారంలో పనిచేస్తున్నది. సంక్రాంతికి వచ్చినప్పుడు, ఏ ఫోను మంచిదమ్మా అని అడిగాను. “మాకు లైన్లో ఏదొస్తే అదే, సార్. నిలబడే గంటలు ఒకటే” అన్నది. మా అటెండరు మాట, ఈ అమ్మాయి మాట కలిపి చదువుకుంటే నా ముప్పావుగంట వాదానికి విలువ ఎంతో తెలిసింది.

అయితే ఏ ఫోనయినా ఒకటేనా? కాదు. అటువంటి వైరాగ్యం కూడా సోమరితనమే. అవసరానికి కొనే వస్తువును అవసరపు కొలతతో కొలవాలి. ఎన్నేళ్ళు సవరణలు ఇస్తామని రాసిచ్చారు? 2023, 2024 సంవత్సరాల నుంచి గూగుల్, శాంసంగ్ ఖరీదైన ఫోన్లకు ఏడేళ్ళు ఇస్తామంటున్నాయి. చవక ఫోను కొనే కూలివానికి ఎన్నేళ్ళు? బాటరీ మన ఊళ్ళో మార్చగలరా? మన రాతలు, మన పాటలు ఏ ఫోనులోనయినా తెరుచుకునే రూపంలో బయటికి వస్తాయా? తెలుగు సరిగా చదువుతుందా, రాస్తుందా? ధర ఎన్ని నెలల జీతం? ఈ ప్రశ్నలకు మెరుగైన జవాబు చెప్పినదాన్ని కొనుక్కోండి; మరుసటిసారి మళ్ళీ అడగండి. వెరావల్ పడవల మీద పనికి పోయిన మా జిల్లా మత్స్యకారునికి ఫోను హోదా కాదు, ఇంటితో ఉన్న ఒకే ఒక తాడు. అతని కళ్ళతో ఎంచటం నేర్చుకోవాలి.

కాని ఎంపిక ఒక్కటే ఆయుధమనుకుంటే మళ్ళీ సంతలోనే చిక్కుకుంటాము. ఒక ఉదాహరణ చాలు. ఐఫోను తీగ వేరు, తక్కినవారి తీగ వేరు అని ఏళ్ళ తరబడి కొనేవారు విసుక్కున్నారు. ఏ భక్తుని అలకకూ తీగ మారలేదు. 2022లో ఐరోపా సమాఖ్య ఒకే తీగ ఉండాలని చట్టం చేసింది. 2023లో ఐఫోను తీగ మారింది. వినియోగదారుని వేలు చెయ్యలేని పనిని ప్రజల చట్టం చేసింది. బాగుచేయించుకునే హక్కు, మన సమాచారాన్ని తీసుకుని వెళ్ళిపోయే హక్కు, ప్రభుత్వ సేవలు ఏ ఒక్క కంపెనీ దుకాణంలోంచీ రావలసిన అవసరం లేకుండా ఉండే హక్కు, వీటికోసం అధ్యాపక సంఘాలూ విద్యార్థి సంఘాలూ ఎన్నడైనా ఒక తీర్మానం చేశాయా? ఫోను గురించి మనం చేసిన ఉద్యమమంతా అధ్యాపకుల గదిలోనే ముగిసింది.

నా కొత్త ఫోను బాగానే ఉన్నది. పాతదీ బాగానే ఉండేది. దీని మీద నాకు ప్రేమ లేదు, దాని మీద పగ లేదు. ఈ వేసవిలో మళ్ళీ ఆ పల్లెలకు పోతున్నాను. ఈసారి పాట ఫోనులోకి, పాడినవారి పేరు నోటుపుస్తకంలోకి.